అద్దాలు పగలని వరస

ఆ వీధికి భూమి కదలడం కొత్త కాదు. అలమరలో గిన్నెలు గలగలమంటే "కొండ ఒత్తిగిల్లింది" అని నవ్వేసి మళ్లీ మాటల్లో పడిపోయేవాళ్లు. కొండ వాలుకు అడ్డంగా పై వరస, కింది వరస అని రెండు వరసల ఇళ్లు, మధ్యలో మెట్లు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఆ ఊగుడు జోలపాటతో సమానం. కానీ కింది వరసలో ఉండే ఫ్రేముల కొట్టాయన కోడలు పుట్టింది చదునైన నేల మీద. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఓసారి గోడ గడియారం దానంతటది ఒరిగిపోవడం చూసి, ఇంట్లో గాజు సామానంతా కింది అరలోకి దించేసింది. ఆ తర్వాత కూతురు పుట్టింది. బిడ్డతో పాటే భయమూ ఏపుగా పెరిగింది.

ఆ పిల్లకు పెట్టిన పేరు వేరే ఉన్నా అందరూ ఉడత అనే పిలుస్తారు. నేల మీద కన్నా కిటికీ ఊచల మీదే ఎక్కువగా కనిపిస్తుంది మరి. ఆ కిటికీ మూల నుంచే వెనక గది గోడకు ఒక బీట, ఏటవాలుగా నేల దాకా దిగి ఉంది. దాని పక్కనే ఉడత మంచం.

"మామయ్యా, ఈ బీట నిరుడు ఇంత లేదేమో," అని కోడలు అప్పుడప్పుడూ అనేది.

"నిరుడు నాకు ఇంత బట్టతలా లేదమ్మా. వయసొస్తే గోడైనా మనిషైనా అంతే," అనేవాడు మామగారు. ఆయన దేన్నైనా నాలుగు మూలలూ సరిచూసి బిగించగల మనిషి. ఆ ఇల్లు కూడా దగ్గరుండి ఆయన కట్టించుకున్నదే.

చలి మొదలవుతుండగా వీధిలోకి ఒకావిడ వచ్చింది. భుజాన సంచి, మోకాళ్ల దాకా మట్టి. భూకంపాల మీద పరిశోధన చేసే మనిషట. సాయంత్రానికల్లా వీధి ఆవిడకు 'భూకంపాలమ్మ' అని పేరు పెట్టేసుకుంది. ఆవిడ మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి, తను వచ్చిన పని చెప్పింది.

"ఈ కొండల కింద నేల రెండుగా చీలి ఉంది. ఊరి బయట కందకాలు తవ్వి చూశాం. మట్టి పొరలు ఒకచోట తెగిపోయి, ఓ పక్కవి పైకీ ఓ పక్కవి కిందికీ జరిగి ఉన్నాయి. అలా తెగిన ప్రతిసారీ పెద్ద భూకంపం వచ్చినట్టు లెక్క. మళ్లీ వస్తుంది. ఎప్పుడన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఎక్కడన్నది మాత్రం చెప్పొచ్చు. చీలికకు దూరంగా ఉన్న ఇల్లు ఊగుతుంది. సరిగ్గా దాని మీదే ఉన్న ఇల్లు చిరుగుతుంది. ఊళ్లోకొచ్చాక ఆ చీలిక ఎటు పోయిందో తెలియాలి. మీ ఇళ్ల కింద తవ్వలేను కదా, అందుకని మీ గోడల్నే అడుగుతాను."

గోడల్ని అడగడమంటే ఏమిటో మర్నాడు తెలిసింది. రెండు వరసల్లోనూ, బీట ఉన్న ప్రతి గోడకూ, బీటకు అడ్డంగా వేలెడు గాజు పట్టీ పెట్టి, రెండు కొసలకూ తెల్ల ముద్ద మెత్తి అంటించింది. పాత బీట అయితే అద్దం అలాగే ఉంటుంది. గోడ ఇంకా జరుగుతూ ఉంటే గాజుకు సాగే గుణం లేదు కాబట్టి పగులుతుంది. అంతే సంగతి.

"దీన్ని ముట్టుకోకండి. పగిలితే నాకు చెప్పండి," అంది ఫ్రేముల కొట్టాయన ఇంట్లో అద్దం అంటించి చేతులు కడుక్కుంటూ. సరిగ్గా అప్పుడే అత్తగారు "టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని అడిగింది. చక్కెర ప్రశ్నకు జవాబు వచ్చింది, పగిలితే చెప్పమన్న మాట గాలికి పోయింది.

ఆవిడ వెళ్లాక, పక్కింటి బేకరీ ఆయన గోడ మీంచి తొంగిచూశాడు. "ఇంతకీ ఏంటంటారు ఇది? కరెంటు మీటరు సీలు లాంటిదే కదా?"

దాంతో వీధి మొత్తానికి విషయం బోధపడిపోయింది. మీటరు సీలు సంగతి తెలియనిదెవరికి? అది తెగిందంటే, తెంచింది ఎలకైనా సరే, గుమ్మంలోకి వచ్చిన మనిషికి సమాధానం చెప్పుకోవలసింది ఇంటివాళ్లే. కాబట్టి అద్దం పగలకూడదు. పగిలిందా, ఎవరింట్లో పగిలితే వాళ్లదే తప్పు.

చలి ముదిరిన రోజుల్లో ఒక ఉదయం, కోడలు బట్టలు ఆరేసి వెనక గదిలోకి వచ్చేసరికి అద్దం అడ్డంగా పగిలి ఉంది. దాని ముందు ఉడత, చేతిలో గరిటె.

ఆలోచించేదేముంది? వీపు మీద చెళ్లుమంది.

"నేను కాదు," అంది ఉడత. ఏడుపు ఇంకా మొదలవలేదు. ముందు మాట వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

"నువ్వు కాకపోతే మీ తాత కొట్టాడా?"

"పిల్లను కొడితే అద్దం అతుక్కుంటుందా?" అని అత్తగారు ఉడతను చంకనెత్తుకుంది. "నీ కంగారు తగలెయ్య. అసలు దాని చేతికి గరిటె ఇచ్చిందెవరు?"

"మీరే అత్తయ్యా."

"అయితే మాత్రం?"

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మామగారు అద్దం చూసి నవ్వాడు. "ఓస్, గాజుముక్కే కదా. ఫ్రేముల కొట్టువాడింట్లో గాజుకు కరువా? నీళ్లకు కటకటపడే చేపలా ఉంది మన సంగతి." సాయంత్రం కొట్టు నుంచి ఒక పట్టీ కోసుకొచ్చాడు. పిల్ల వేలు కోసుకుంటుందేమోనని అంచులు సానబట్టి మరీ తెచ్చాడు. పాతది పీకి, తెల్ల ముద్ద కలిపి, అదే చోట అంటించాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకున్నాడు.

"ఆవిడ పెట్టినదాని కన్నా నాదే నిఖార్సుగా ఉంది," అన్నాడు.

ఉడత ఆ రోజు నుంచి ఆ గోడ దగ్గరికి వెళ్లినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. చూసినవాళ్లు ముద్దుగా ఉందనుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకు ఉడతకు దగ్గు పట్టుకుంది. కోడలు ఇంటికి తాళం పెట్టి, పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లింది. అత్తగారు అప్పటికే కొట్లో మామగారి దగ్గరుంది. తిరిగొచ్చి తాళం తీసి, నిద్రపోతున్న పిల్లను మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పుతూ తలెత్తింది. అద్దం పగిలి ఉంది. మామగారి నిఖార్సైన అద్దం, సానబట్టిన అంచులతో సహా, మధ్యకు రెండు ముక్కలు.

దుప్పటి వదిలేసి గది నాలుగు మూలలూ చూసింది. ఎలక కాదు, పిల్లి కాదు. తాళం తనే పెట్టింది, తనే తీసింది. తర్వాత మంచాన్ని పిల్లతో సహా ముందు గదిలోకి లాక్కుపోయింది.

రాత్రి భోజనాల దగ్గర, "మామయ్యా, ఇవాళ పిల్ల ఇంట్లో లేదు," అంది.

"ఊఁ."

"ఎవరూ లేరు."

మామగారు కంచంలోంచి తల ఎత్తలేదు. "రేపు ఇంకాస్త మందంది కోసుకొస్తాలే," అన్నాడు.

మంచం ముందు గదిలోకి ఎందుకొచ్చిందని అత్తగారు అడిగింది. వీధి గాలికి దగ్గు ఎక్కువవుతుందని తెల్లారాక మళ్లీ వెనక గదిలోకి తోసేసింది. కోడలు మధ్యాహ్నం లాక్కొచ్చింది, అత్తగారు సాయంత్రం తోసింది. ఆ వారమంతా ఆ ఇంట్లో భూమి కన్నా మంచమే ఎక్కువ కదిలింది.

లారీ తోలే భర్త ఫోన్ చేసినప్పుడు కోడలు సంగతంతా చెప్పింది. అటువైపు హారన్లు, గాలి. "నాన్నకు చెప్పావా?" అన్నాడు.

"చెప్పా. మందంది కోస్తానన్నారు."

"మరి ఇంకేం?" అన్నాడతను. గోరంతను కొండంత చేస్తావని అనలేదు గానీ, అతని గొంతులో అది వినబడింది. ఆమె చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. అప్పటినుంచీ తనకు తోచినదాన్ని ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేనేమోనన్న అనుమానం ఆమెను వదల్లేదు. ఫోన్ పెట్టేసింది.

ఆ మర్నాడు అన్నం క్యారియరు పట్టుకుని కొట్టుకు వెళ్లింది. లోపల బేకరీ ఆయన భార్య బల్ల మీదికి వంగి గుసగుసగా మాట్లాడుతోంది.

"వేలెడు ముక్క చాలన్నయ్యా. మా ఆయన పిండి బస్తా దించుతుంటే తగిలిందంటున్నాడు. ఆవిడ వచ్చే లోపల పెట్టేస్తే పీడా పోతుంది."

"నిన్న మందుల షాపాయనకు పిల్లి దూకి పగిలిందట," అన్నాడు మామగారు కట్టరుతో గీత గీస్తూ. గాజు కిర్రుమంది. "మొన్న టైలరమ్మకు మిషను అదిరి పగిలిందట. ఈ చలికాలం ఫ్రేముల కన్నా ఈ ముక్కలే ఎక్కువ కోశాను. అన్నీ మన వరసవాళ్లకే. పై వరసవాళ్లు అద్దాన్ని అద్దంలా చూసుకుంటారు, ఒక్కళ్లూ రాలేదు. మన వరసకే చేతులు నిలవవు."

బేకరీ ఆవిడ నవ్వింది. కోడలు నవ్వలేదు.

కొట్టు వీధి మలుపులో, కాస్త ఎత్తులో ఉంటుంది. అక్కడ నిలబడితే కింది వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా కనబడుతుంది. ఆమె మెట్ల మీద ఆగి చూసింది. ముందు టైలరమ్మ ఇల్లు. దాన్నానుకుని మందుల షాపాయనది. తర్వాత తమది. ఆ పక్కన బేకరీ. పిల్లి ఒకచోట, బస్తా ఒకచోట, మిషను ఒకచోట, ఉడత చేతిలో గరిటె ఒకచోట. ఇన్ని కారణాలు దారానికి పూసలు గుచ్చినట్టు ఒకే వరసలో వచ్చి కూర్చుంటాయా?

తన చేతిలో ఇంకా అన్నం క్యారియరు ఉందని చాలాసేపటికి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, మన వరసలో ప్రతి ఇంట్లోనూ పగులుతున్నాయంటే, అవి ఎవరి చెయ్యీ తగిలి కాదేమో."

బేకరీ ఆవిడ వెళ్లిపోయింది కాబట్టి ఆయన నిజమే మాట్లాడాడు. "నాకూ తోచిందమ్మా. అద్దాల పనిలో తలపండినవాణ్ణి. దెబ్బ తగిలిన గాజు నక్షత్రంలా చిట్లుతుంది. ఇవి గీత గీసినట్టు తెగాయి."

"మరి?"

"మరి ఏంటి? ఆవిడకు చెబితే, ఈ వరస ఖాళీ చేయండంటారు. మీ అత్తయ్య మోకాళ్లు ఈ మెట్లకే అలవాటుపడ్డాయి. ఇంకెక్కడికి పోతాం? పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఊరుకో."

ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు వచ్చిన విద్యల్లో ఒకటి. కానీ రాత్రి పడుకునేటప్పుడు ఉడతను మంచం మీంచి తీసి ముందు గదిలో తన పక్కన చాప మీద వేసుకునేది. చాపను తోసెయ్యడం అత్తగారి వల్ల కాలేదు.

చలి తగ్గి ఎండ కాస్త పదునెక్కాక భూకంపాలమ్మ తిరిగొచ్చింది. వీధి పెళ్లివారి కోసం ఎదురుచూసినట్టు తయారై ఉంది. ప్రతి ఇంట్లోనూ అద్దం తళతళలాడుతోంది. టైలరమ్మ తన అద్దాన్ని తుడిచి మరీ పెట్టింది. భూకంపాలమ్మ పై వరస చూసి, కింది వరస మొదలుపెట్టి, టైలరమ్మ ఇల్లూ, మందుల షాపాయన ఇల్లూ దాటి, ఫ్రేముల కొట్టాయన ఇంటికి వచ్చేసరికి ఆవిడ ముఖంలో ఏదో తేలిక కనబడుతోంది.

అద్దాన్ని చూసింది. బీట వెంబడి వేలు పోనిచ్చింది.

"బాగుంది. నిజానికి ఈ వరస మీదే నాకు అనుమానం ఉండేది. మా యంత్రాలు ఇటే చూపించాయి. కానీ ఇక్కడ ఏ గోడా జరగలేదు, ఒక్క అద్దమూ పగల్లేదు. చీలిక ఇంకా కింద, కొండ దిగువన ఏటి ఒడ్డున పోతూ ఉండాలి. మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

"మేమెప్పుడూ నిశ్చింతగానే ఉన్నామండి," అంది అత్తగారు. "మా కోడలే, గాలికి తలుపు కొట్టుకున్నా పిల్లనెత్తుకుని బయటికి పరుగెడుతుంది. కాస్త మీరు చెప్పండి దానికి. ఆ మంచం ఇక్కడే ఉండనివ్వమని చెప్పండి."

భూకంపాలమ్మ నవ్వుతూ కోడలి వైపు తిరిగింది. "మంచం ఇక్కడే ఉండొచ్చమ్మా. భయం లేదు."

కోడలు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉంది. ఉడత ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని, అద్దాన్ని చూసి, చీర వదిలేసి చేతులు వెనక్కి కట్టుకుంది. ఇప్పుడు ఊరుకుంటే తను ఇక ఎప్పటికీ మాట్లాడలేనని కోడలికి అనిపించింది. భయం లేదని చదువుకున్న మనిషి నోటితో వచ్చేశాక, ఆ మంచాన్ని ఎవరు కదలనిస్తారు?

"అది మీరు పెట్టిన అద్దం కాదండి," అంది.

అత్తగారు భర్త వైపు చూసింది. మామగారు కిటికీ వైపు చూశాడు.

"మీది చలికాలంలోనే పగిలింది. దాని తర్వాతదీ పగిలింది. ఇది మూడోది. రెండోది పగిలినప్పుడు ఇంటికి తాళం వేసుంది, లోపల ఎవరూ లేరు."

భూకంపాలమ్మ నవ్వు ఆగింది. మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి, అద్దం అంచు మీద బొటనవేలు రాసింది. నున్నగా తగిలింది. తను పెట్టినవి కోసినవి కోసినట్టే పెట్టింది, సానబట్టలేదు. అంత తీరికెక్కడిది?

"ఎవరు కోశారు?"

మామగారు గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి."

"చాలా బాగా కోశారు."

"చేతిపనండి," అనేశాడాయన, అనకుండా ఉండలేక.

ఆవిడ కోప్పడుతుందేమోనని అందరూ కాచుకుని ఉన్నారు. ఆవిడ మంచం అంచున కూర్చుంది. "పగిలిన అద్దం కోసమే నేనిన్నాళ్లూ తిరుగుతున్నది. పగలడమే దాని పని. మీకు చెప్పానే."

"మేం మీటరు సీలనుకున్నామండి," అంది అత్తగారు చిన్న గొంతుతో.

భూకంపాలమ్మకు కొంచెం సేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులతో ముఖం రుద్దుకుంది. "ఇంకెవరింట్లో మార్చారు?"

కోడలు నోరు విప్పలేదు. తన ఇంటి సంగతి తనది. వేరేవాళ్ల ఇళ్లు తను చెప్పడం ధర్మం కాదనుకుంది. పైగా ఆ ఇళ్లన్నీ ఈ ఇంటివైపు చూస్తూ ఉంటాయి, రేపూ ఎల్లుండీ కూడా. అందరూ మామగారి వైపే చూశారు. ఆయన గోడను చూశాడు. తను కట్టించిన గోడ, తను అంటించిన అద్దం. ఆ తర్వాత మనవరాలి వైపు చూశాడు. అది ఇంకా చేతులు కట్టుకునే ఉంది.

"ఇదేంటే, పట్టుబడ్డ దొంగలా అలా నిలబడ్డావు?" అన్నాడు.

ఉడత చేతులు విప్పలేదు.

ఆయన గుమ్మం దగ్గరికెళ్లి చెప్పులు వేసుకున్నాడు. "రండి. నా అద్దాలు నేను గుర్తుపడతాను," అన్నాడు భూకంపాలమ్మతో.

ఆయన ముందు, ఆవిడ వెనక, కింది వరసంతా నడిచారు. ప్రతి గుమ్మంలోనూ ఆయన వేలితో అంచు తడిమి "నాదే" అంటూ పోయాడు. టైలరమ్మ తలుపు వేసుకుంది. బేకరీ ఆయన "అద్దాలు అమ్మిందీ నువ్వే, పట్టించిందీ నువ్వే" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఫ్రేముల కొట్టాయన ఇంటికి రొట్టె పై వీధి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

భూకంపాలమ్మ మళ్లీ అద్దాలు పెట్టింది. ఈసారి వాటిని మామగారే కోసిచ్చాడు, అంచులు సానబట్టకుండా. అవీ పగిలాయి. పగిలినప్పుడల్లా ఎవరో ఒకరు మొహం ముడుచుకుని వచ్చి చెప్పారు. చివరికి బేకరీ ఆయనా వచ్చాడు. చీలిక ఆ వరస కిందుగానే పోతోందని తేలింది. వానలు పడే లోపల కింది వరస ఖాళీ అయింది. అత్తగారు కొత్తింటి మెట్లు తిట్టుకుంటూ ఎక్కడం నేర్చుకుంది. మామగారు ఖాళీ అయిన ఇంటికి వెళ్లి కిటికీలు విప్పి తెచ్చుకున్నాడు. ఆ ఇల్లు కూలలేదు. ఆ ఏడు పెద్ద భూకంపమేదీ రాలేదు. "చూశావా, ఊరికే వచ్చేశాం," అని అత్తగారు గాలి వీచినప్పుడల్లా అనేది. కోడలు వినేది. మంచం మాత్రం పెట్టినచోటే ఉంది.

కొత్తింటి గోడకూ ఒక సన్న బీట ఉంది. భూకంపాలమ్మ దాని మీదా ఒక అద్దం అంటించి వెళ్లింది. కోడలు రోజూ దాన్ని చూస్తుంది. అది పగల్లేదు.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ, ఆ గోడ పక్కగా ఉడత చేతులు వెనక్కి కట్టుకుని నడవడం చూసింది. చాటను పక్కన పెట్టింది.

"ఉడతా, ఇలా రా. ఆ ఇంట్లో అద్దం నువ్వు పగలగొట్టలేదే."

ఉడత తల్లి ముఖంలోకి చూసింది. ఇది కొత్త సంగతేమో అని వెతికినట్టు, కాదని తేల్చుకున్నట్టు.

"నేను అప్పుడే చెప్పాగా," అంది. చేతులు అలాగే వెనక్కి కట్టుకుని, అద్దం దాటి, కిటికీ దగ్గరికి వెళ్లాక విప్పింది. ఊచలు పట్టుకుని ఎక్కింది.